తంగేడు: పట్టం కట్టిన పువ్వు, మరిచిన చెక్క

తెలంగాణ ఏర్పడిన ఆరు నెలల లోపే, 2014 నవంబర్‌లో, రాష్ట్ర ప్రభుత్వం జింకను రాష్ట్ర జంతువుగా, పాలపిట్టను పక్షిగా, జమ్మిని వృక్షంగా, తంగేడును పుష్పంగా ప్రకటించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కృష్ణజింక, పాలపిట్ట, వేప, కలువ చిహ్నాలుగా ఉండేవి. పాలపిట్ట రెండు ఏలుబడుల్లోనూ తన కొలువు నిలుపుకుంది గానీ వేప స్థానంలోకి జమ్మి, కలువ స్థానంలోకి తంగేడు వచ్చాయి. ఈ మార్పుల్లో లోతుగా చూడవలసింది చివరిది. కలువ కావ్యాల్లో పూచిన పువ్వు, చెరువు నిండితేనే కంటికి కనిపించే పువ్వు. తంగేడు ఆ చెరువుగట్టుకు అవతల, గుట్టల అంచున, నాగలి తగలని చెలకల్లో, వాన పడినా పడకున్నా నిలిచి ఉండేది. నాలుగేళ్ల తర్వాత, 2018లో, ఆంధ్రప్రదేశ్ తన పువ్వుగా మల్లెను ఎంచుకుంది. మల్లె తోటలో పెరిగి మూరల లెక్కన అమ్ముడుపోతుంది. తంగేడును ఎవరూ తోటగా వేయలేదు, నిన్నమొన్నటి దాకా ఎవరూ అంగట్లో పెట్టి అమ్మనూ లేదు.

పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ జిల్లాల నేలను ఎరిగిన వారికి ఈ ఎంపిక సహజంగానే తోచింది. దేవరకొండ, మునుగోడు వైపు ఎర్ర చెలకల మీద గానీ, కల్వకుర్తి, అచ్చంపేట దారుల్లో గుట్టల నడుమ గానీ, భాద్రపదం ముగిసే వేళకు పచ్చగా కనిపించేది పైరొక్కటే కాదు. గట్ల వెంట, ఒర్రెల ఒడ్డున, రాళ్ల కుప్పల పక్కన పసుపు రంగు పరుచుకుని ఉంటుంది. వృక్షశాస్త్రం దీన్ని పొదగానే లెక్కిస్తుంది, ఊరు మాత్రం చెట్టనే అంటుంది. చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ మొక్క నిలువెత్తు మనిషిని దాటి పెరగడం అరుదు. అయితే రాష్ట్ర పుష్పంగా పట్టం కట్టినప్పుడు ఈ చెట్టులో పువ్వుకు మాత్రమే గుర్తింపు దక్కింది. దాని చెక్కతో, అంటే బెరడుతో నడిచిన పని, అది మొలిచే నేల ఆ గుర్తింపుకు బయటే ఉండిపోయాయి. తెలంగాణ తన గురించి తాను ఏం గుర్తుంచుకోవాలనుకుంది, ఏం పక్కన పెట్టింది అన్న ప్రశ్నకు ఈ లోటులో కొంత జవాబు దొరుకుతుంది.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి. తంగేడు తెలంగాణకు మాత్రమే సొంతమైన మొక్క కాదు. దక్షిణ భారతంలోని మెట్ట ప్రాంతాలన్నిటా, శ్రీలంకలోని పొడి నేలల్లోనూ ఇది పెరుగుతుంది. తమిళులు దీన్ని ఆవారం అంటారు. సంక్రాంతికి ముందు ఇంటి చూరుకు వేపాకుతోనూ పిండికూర పువ్వుతోనూ కలిపి రక్షగా కట్టే కాపులో ఆవారం పువ్వు ఉండి తీరాలి. సిద్ధ వైద్యంలో దానికి పెద్దపీట ఉంది. శ్రీలంకలో ఎండిన పువ్వును కాచి తాగుతారు. కాబట్టి మొక్క ఎక్కడ పుట్టిందన్న దానితో గుర్తింపు ఏర్పడదు. దానితో మనుషులు ఏం చేశారన్న దానితో ఏర్పడుతుంది. మన నల్లమలలో వేసవి రాగానే బంగారు గుత్తులతో వేలాడే రేల చెట్టును థాయిలాండ్ 2001లో జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది, కేరళ విషు పండుగ నాడు తొలిచూపుకు కనిగా పెట్టుకుని రాష్ట్ర పుష్పం చేసుకుంది. అదే చెట్టు నల్లమలలోనూ ఉంది, కానీ ఇక్కడ దాని చుట్టూ అలాంటి పండుగ అల్లుకోలేదు.

తెలంగాణ తంగేడుతో చేసినది బతుకమ్మ. పెత్రమాస (భాద్రపద అమావాస్య) నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై దుర్గాష్టమి నాటి సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిది రోజుల్లో గునుగు, కట్ల, బంతి, గుమ్మడి, పట్టుకుచ్చు వంటి పూలు ఎన్ని చేరినా, తంగేడు లేని బతుకమ్మను పల్లెలో ఆడవాళ్లు బతుకమ్మగా లెక్కించరు. సిబ్బిలోనో తాంబాళంలోనో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు పూలను కాడలు లోపలికి ఉండేలా గుండ్రంగా పేరుస్తారు. ఖాళీ మిగిలిన నడుమ భాగంలో ఆకులూ కాడలూ దట్టించి గట్టి చేస్తారు. దాని మీద రంగు అద్దిన గునుగు, మళ్లీ తంగేడు, ఇలా వరుస వరుసకు చుట్టు తగ్గిస్తూ గోపురంలా లేపి, కొసన పసుపు గౌరమ్మను నిలుపుతారు. ఈ పేర్పు నిలబడటానికి తంగేడే సరైనది. ఒక్కో రెమ్మకు పూలు గుత్తిగా ఉంటాయి, కాడ గట్టిది, ఒకదాని మీద ఒకటి పడితే జారిపోవు. గౌరమ్మకు ఏ పువ్వు ఒప్పుతుందో, ఏ కాయ ఒప్పుతుందో అడుగుతూ సాగే పాటలో మొదటి జవాబుగా వచ్చేది తంగేడే. సంస్కృత పురాణాల్లో దీనికి చెప్పుకోదగ్గ కథ లేదు. జమ్మికి పాండవుల ఆయుధాల కథ ఉంటే, తంగేడుకు వదిన చేతిలో చనిపోయిన ఆడబిడ్డ చెట్టై మొలిచి అన్నతో మాట్లాడిందన్న పల్లె కథ ఉంది. గద్దెనెక్కిన దేవతల కథ కన్నా ఇంటి ఆడపిల్ల కథ పండుగకు ఎందుకు ఆధారమైందో బతుకమ్మ పాటలు ఒకటి రెండు విన్నవారికి వేరే చెప్పనవసరం లేదు.

మోదుగను ఎంచుకుని ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన ఇక్కడ పనికొస్తుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటానికి నల్లగొండ జిల్లా గుండెకాయ. ఆకు రాలిన అడవిలో నిప్పురంగుతో పూసే మోదుగ ఆ పోరాటపు సాహిత్యంలో తిరుగుబాటుకు గుర్తుగా స్థిరపడింది. దాని పేరే ఒక ప్రసిద్ధ నవలకు శీర్షిక అయింది. తండాల్లో, పల్లెల్లో హోళీకి రంగు దాని పూలతోనే చేసేవారు, విస్తర్లు దాని ఆకుతోనే కుట్టేవారు. ఇన్ని అర్హతలున్నా కొత్త రాష్ట్రం దాన్ని ఎంచలేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం సాగిన మలిదశ ఉద్యమంలో బతుకమ్మ వాకిలి దాటి చౌరస్తాకు వచ్చింది. ధర్నా దగ్గర, రాస్తారోకో దగ్గర ఆడవాళ్లు బతుకమ్మ పెట్టి ఆడారు. ఆ దృశ్యం పదేపదే కంటబడిన తర్వాత పోరాటానికీ పండుగకూ ఒకే పువ్వు చాలింది. 2014లోనే బతుకమ్మ రాష్ట్ర పండుగ కావడం, అదే ఏడాది తంగేడు రాష్ట్ర పుష్పం కావడం ఒకే నిర్ణయానికి రెండు ముఖాలు. ఈ బంధం ఎంత బిగిసిందో 2024 డిసెంబర్ 9న సచివాలయంలో కొత్త తెలంగాణ తల్లి విగ్రహాన్ని ఆవిష్కరించినప్పుడు బయటపడింది: పాత రూపంలో చేతిలో ఉన్న బతుకమ్మ కొత్త రూపంలో లేకపోవడమే పెద్ద వాదానికి కారణమైంది. ఎవరి వాదన సరైనదన్నది ఈ వ్యాసానికి సంబంధించని సంగతి. ఒక పూల పేర్పు గురించి రాష్ట్రం రెండుగా చీలి మాట్లాడిందన్నది మాత్రం సంబంధించినదే.

ఇక మొక్క సంగతి. తంగేడు పువ్వును చేతిలోకి తీసుకుని చూస్తే అయిదు పసుపు రేకుల నడుమ పది కేసరాలు కనిపిస్తాయి. వాటిలో పైన ఉండే మూడు గొడ్డువి, కింద వంగి ఉన్న మూడు మిగిలిన వాటికన్నా పొడుగ్గా ఉంటాయి. ఈ పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి కూడా తాకగానే రాలదు, కేసరం కొసన ఉన్న సన్నని రంధ్రంలోంచే అది బయటికి రావాలి. నల్ల తుమ్మెద వచ్చి కేసరాలను కాళ్లతో కరుచుకుని, రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా అదిరేలా ఝుమ్మంటుంది; ఆ అదురుకు పుప్పొడి చిమ్మి దాని పొట్టకు అంటుకుంటుంది. పొద్దున్నే తంగేడు పొదల పక్కన నిలబడితే వినిపించే ఝుంకారానికి కారణం అదే. తుమ్మెదలు లేని చోట ఈ చెట్టు పూస్తుంది గానీ కాయదు సరిగా.

అది బీడుల్లో మిగలడానికి మరో కారణముంది. మేకలూ గొర్రెలూ పశువులూ దాని ఆకును పెద్దగా ముట్టవు. మంద తిరిగిన ఊరుమ్మడి మేత భూమిలో, అంటే గైరాన్‌లో మిగతా మొలకలన్నీ మేతకు పోతే తంగేడు ఒక్కటే పొదలు కట్టి నిలుస్తుంది. వేరు లోతుకు దిగుతుంది కాబట్టి పాలమూరు లాంటి చోట, సగటున 600 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే నేలలో, కరువు ఏడాది కూడా పూత ఆగదు. కొమ్మ నరికితే మొదట్లోంచి మళ్లీ చిగురిస్తుంది. అందుకే బతుకమ్మకు ఎంత కోసినా చెట్టుకు నష్టం లేదు. రైతులు పచ్చి రొట్టగా దాని మండలు కోసుకొచ్చి వరి మడిలో తొక్కేవారు. పుల్లతో పళ్లు తోముకునేవారు. ఇవన్నీ చిన్న వాడకాలే. అసలైనది చెక్క.

తంగేడు బెరడులో తోలును పదును చేసే పదార్థం దాదాపు 18 శాతం దాకా ఉంటుంది. దక్షిణ భారతంలో తోళ్ల పరిశ్రమకు చాలాకాలం ఇదే ప్రధాన సరుకు. మద్రాసు రేవు నుంచి ఇంగ్లండ్‌కు ఎగుమతైన తోళ్లకు పేరు తెచ్చినది ఈ చెక్కే. రేవుల దాకా పోనక్కర లేదు, తెలంగాణలో ప్రతి పెద్ద ఊరి మాదిగవాడలోనూ తోళ్లు పదును చేసే లందలు ఉండేవి. చచ్చిన పశువు తోలును మొదట సున్నపు నీళ్లలో నానేసి వెంట్రుక గీకేవారు. తర్వాత దంచిన తంగేడు చెక్క నానిన ఎర్రటి నీళ్లలో రోజుల తరబడి ముంచి ఉంచేవారు. పెద్ద తోలైతే సంచిలా కుట్టి, దూలానికో కొమ్మకో వేలాడదీసి, లోపల చెక్కను నింపి నీళ్లు పోసేవారు. నీళ్లు తోలులోంచి చెమర్చి కింది కుండలోకి కారుతుంటే వాటినే తీసి మళ్లీ పైనుంచి పోసేవారు. తోలు మందమంతా రంగు ఎక్కిందో లేదో అంచు కోసి చూసి తెలుసుకునేవారు. కొన్నిచోట్ల చివర కరక్కాయ నీళ్లు పట్టించేవారు. వారాలు పట్టే ఈ పని వాసనతో కూడినది, ఊరు తక్కువగా చూసినది.

ఆ తోలు ఏమయ్యేదో చూస్తే ఊరు ఎవరి మీద ఆధారపడిందో తెలుస్తుంది. చెప్పులు, పలుపులు, వారుగట్లు, అన్నిటికన్నా ముఖ్యంగా మోట. కరెంటు మోటర్లు రాకముందు పాలమూరు, నల్లగొండ మెట్టల్లో బావి కింద సాగు అంటే మోట సాగే. ఎద్దులు దిగుడు బాట వెంట దిగుతుంటే నిండిన బొక్కెన పైకి వస్తుంది, దాని తోలు తొండం కాలువ మీదికి రాగానే నీళ్లు కుమ్మరిస్తుంది. ఇనుప బొక్కెనలు వచ్చిన తర్వాత కూడా తొండం తోలుదే. ఆ తోలు నిత్యం నీళ్లలో నానుతూ చివకకుండా ఉండటానికి కారణం తంగేడు చెక్క. అంటే చెరువు ఆసరా లేని ఊళ్లలో ఒక తరం తిన్న బువ్వ వెనుక రైతు చెమటతో పాటు లంద దగ్గర చేతులు ఎర్రబారిన మనిషి శ్రమ ఉంది, ఆ శ్రమ వెనుక ఈ చెట్టు ఉంది. బతుకమ్మ పేర్చే ఇంటి బావి మీద మోట కొట్టిన రోజుల్లో, తంగేడు ఆ ఇంటికి రెండు దారుల్లో వచ్చేది. ఒక దారికి పాటలు పుట్టాయి. రెండో దారి గురించి మాట్లాడటానికి అధికారిక సంస్కృతి ఇప్పటికీ ఇబ్బంది పడుతుంది. రాష్ట్ర పుష్పం గురించి పాఠ్యపుస్తకాల స్థాయిలో చెప్పే నాలుగు మాటల్లో లంద ప్రస్తావన రాకపోవడం యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం.

చెక్క పని ఎలా పోయిందన్నది మరో ఆసక్తికరమైన కథ. ఆస్ట్రేలియాలో పుట్టిన వాటిల్ జాతి తుమ్మల్లో ఒకటైన నల్ల వాటిల్‌ను పందొమ్మిదో శతాబ్దంలో దక్షిణాఫ్రికాకు తీసుకెళ్లి తోటలుగా వేశారు. దాని బెరడులో తోలుకు పట్టే పదార్థం తంగేడులో కన్నా చాలా ఎక్కువ, ఒక్కచోట దొరుకుతుంది, ఓడల్లో చవకగా వస్తుంది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల నుంచి అది మద్రాసు తోళ్ల పరిశ్రమలో తంగేడు చెక్కను నెట్టివేసింది. బీళ్లలో చెదురుమదురుగా పెరిగే పొద నుంచి కూలీలు ఒలుచుకొచ్చే చెక్క, తోటలో వరుసగా నాటిన చెట్టుతో పోటీ పడలేకపోయింది. తర్వాత రసాయనాలతో పదును చేసే పద్ధతులు, ఆ తర్వాత కరెంటు మోటరు, ప్లాస్టిక్ చెప్పు వచ్చి ఊరి లందను కూడా మూయించాయి.

తంగేడును ఓడించిన వాటిల్‌కు దగ్గరి చుట్టం మరొకటి ఆస్ట్రేలియాకు జాతీయ పుష్పమైంది. బంగారు వాటిల్ 1912 నుంచే ఆ దేశపు రాజముద్రలో ఉంది, 1984లో ఆకుపచ్చ, బంగారు వర్ణాలు జాతీయ రంగులయ్యాయి, 1988లో పువ్వుకు అధికారిక హోదా వచ్చింది, సెప్టెంబర్ 1న దానికి ఒక దినం కూడా జరుపుతారు. పోలికలు గమనించదగినవి: రెండూ చిక్కుడు కుటుంబానివే, రెండూ పసుపు పువ్వులే, రెండూ వాన తక్కువ నేలను ఓర్చుకునేవే, రెండింటి బెరడూ తోలుకు పనికొచ్చినదే. తేడా కూడా అంతే గట్టిది. ఆస్ట్రేలియాలో వాటిల్‌ను జాతి చిహ్నం చేసినది వలస వచ్చిన వారి వారసులు. కొత్త నేలను తమదనుకోవడానికి వారికి ఒక స్థానిక పువ్వు కావలసి వచ్చింది. తెలంగాణలో నేల పాతదే, మనుషులు పాతవారే, పండుగా పాతదే. ప్రభుత్వం చేసినది ముద్ర వేయడం. ముద్ర వేసినవాడికి ఆ పని తేలిక, ఎందుకంటే పువ్వును బతికించే పనంతా అప్పటికే ఆడవాళ్లు చేస్తున్నారు.

ఆ ముద్ర వల్ల మొక్కకు ఒరిగిందేమిటన్నది అసలు ప్రశ్న. పాలపిట్టకూ జింకకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అండ ఉంది. జమ్మిని నరకాలంటే చెట్టు గనుక కనీసం ఎవరో ఒకరి అనుమతి మాట వస్తుంది. తంగేడు పొద, దాన్ని తొలగిస్తే లెక్క అడిగే చట్టమేదీ లేదు. ఇదే పాలమూరులో మరో చెట్టుకు జరిగిన వైద్యాన్ని పక్కన పెట్టి చూడవచ్చు. మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి ఏడు వందల ఏళ్ల నాటిదని ప్రతీతి, దాదాపు మూడెకరాలు పరుచుకున్నది, పైగా మర్రి జాతీయ వృక్షం. 2017 చివర దాని కొమ్మ విరిగిపడితే సందర్శకులను ఆపేశారు. 2018లో చెదలు పట్టిన మానులోకి, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినట్టు, సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఆ శ్రద్ధ తప్పు కాదు, ఫలితమూ వచ్చింది. ఒక్క మానుగా, ఒక్క చోట, టికెట్టు పెట్టి చూపించగల చెట్టును కాపాడటం పాలనకు చేతనవుతుంది. వేల ఎకరాల్లో చెల్లాచెదురుగా ఉన్న పొదను కాపాడటమంటే ఆ ఎకరాలను కాపాడటం, అది చేతకావడం లేదు.

ఆ ఎకరాలు రెవెన్యూ రికార్డుల్లో గైరాన్, ఖారిజ్ ఖాతా, శిఖం, పోరంబోకు అన్న పేర్లతో ఉంటాయి. వాటిలో కొంత పంపిణీ అయింది, కొంత ఆక్రమణకు పోయింది, కొంత క్వారీకో పరిశ్రమకో దఖలు పడింది. పట్టా చెలకల సంగతి వేరు. బెంగళూరు దారిలో షాద్‌నగర్, జడ్చర్ల చుట్టూ, శ్రీశైలం దారిలో, విజయవాడ దారిలో చౌటుప్పల్ దాటాక చెలకలు వెంచర్లయ్యాయి. జేసీబీ మొదట పీకేది తంగేడునే. విచిత్రమేమిటంటే, అమ్ముడుపోయి ఇల్లు లేవని ప్లాట్లలో హద్దు రాళ్ల నడుమ మొదట మొలిచేదీ అదే. పట్నం అంచున ఉండే ఆడవాళ్లు ఇప్పుడు పువ్వు కోసం వెతుక్కుంటూ పోయేది ఆ ప్లాట్లకే.

నీటి మాట కూడా చెప్పాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ పారిన మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు తంగేడు గట్ల మీదికి ఒదిగిపోయింది; కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు చేరిన చోటా అదే జరుగుతోంది. దీన్ని నష్టంగా లెక్కగట్టడం న్యాయం కాదు. బీడు అందాన్ని కీర్తించడం దూరాన ఉన్నవారికి సులభం. ఆ బీడును నమ్ముకోలేక బొంబాయి బస్సెక్కిన కుటుంబాలకు తంగేడు వనం కన్నా తడిసిన మడి మేలు. అయితే నీళ్లు వచ్చిన ఊరిలోనూ గుట్ట వాలు, చెరువుగట్టు, బాట పక్క మిగిలే ఉంటాయి. అక్కడ ఏం మొలకెత్తనిస్తున్నాం అన్నదే ప్రశ్న. 2015లో ప్రభుత్వం మొదలుపెట్టిన మొక్కల పెంపకం కార్యక్రమం హరితహారంలో రోడ్ల వెంట, డివైడర్ల మీద త్వరగా పెరిగే పరాయి మొక్కలే ఎక్కువగా కనిపించాయి. కోనోకార్పస్‌ను విరివిగా నాటి, తర్వాత నర్సరీల్లో పెంచవద్దని చెప్పుకోవలసి వచ్చింది. ఆసియా ఆగ్నేయం నుంచి వచ్చిన సీమ తంగేడు ప్రతి దారి పక్కనా ఉంది, రాష్ట్ర పుష్పమైన తంగేడు మాత్రం దారి పక్కన తనంతట తాను మొలిస్తేనే ఉంది, అదీ గడ్డి కోసేవాళ్ల కంట పడకపోతే.

దీని ఫలితం బతుకమ్మ నాడు అంగట్లో తెలుస్తుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో పెత్రమాస పొద్దున పల్లెల నుంచి వచ్చినవారు తంగేడును కట్టలు కట్టి అమ్ముతున్నారు. మధ్యాహ్నానికి వాడిపోయే పువ్వు కాబట్టి దూరం నుంచి తేవడం కుదరదు. అందుకే ధర ఎక్కువ పలికితే బంతితో సరిపెట్టుకునే ఇళ్లు పెరిగాయి. బంతి సాగు పంట, లారీలో వస్తుంది, రెండు రోజులు నిలుస్తుంది. అమ్మేవారికి నాలుగు రూపాయలు దొరకడం మంచిదే. కానీ ఎవరి సొత్తూ కాని నేలలో, కూలి ఇల్లూ దొర ఇల్లూ ఒక్కలా కోసుకోగలిగిన పువ్వుకు ధర పడటం ఆ పువ్వు అర్థాన్ని కొంత మారుస్తుంది.

తంగేడును పెంచడం కష్టమైన పని అయితే ఈ వాదనంతా ఉత్త ఫిర్యాదుగా మిగిలేది. అది కష్టం కాదు. పలచటి చదునైన కాయలు ఎండి గోధుమరంగుకు తిరిగాక గింజ తీసి, పైపెంకు గట్టిది కాబట్టి వేడినీళ్లలో నానబెట్టి, తొలకరికి నేరుగా నేలలోనే వేయవచ్చు. మేక ముట్టదు కాబట్టి కంచె ఖర్చు లేదు, వేరు దిగాక నీటి ట్యాంకరు అక్కర లేదు, నరికినా చిగురిస్తుంది కాబట్టి పండుగకు కోసుకున్నా భయం లేదు. 2020 నుంచి ప్రతి గ్రామ పంచాయతీలో పల్లె ప్రకృతి వనాలు వెలిశాయి; వాటి గట్ల వెంట, చెరువుగట్ల బయటి వాలు మీద, శ్మశానాల అంచున రెండు వరుసలు వేస్తే ఊరి బతుకమ్మలకు సరిపోతుంది. ఉపాధి హామీ పనుల జాబితాలో మొక్కల పెంపకం ఎలాగూ ఉంది, నర్సరీ సంచుల్లో ఏ గింజ వేయాలన్నది జిల్లా స్థాయిలో తేలే విషయం. ఆ వరుసల పక్కన పెట్టే పేరు పలకలో పువ్వుతో పాటు చెక్క గురించి, లంద గురించి, మోట గురించి నాలుగు వాక్యాలు రాయడానికి అదనపు ఖర్చేమీ కాదు. రాయించే మనసు ఏ ఆఫీసుకు ఉంటుందన్నది చూడాలి.